ఆయ్ అన్న పాపానికి

మా కోనసీమలో ‘ఆయ్’ అన్నామంటే ఒప్పుకున్నామని కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతున్నారు, మనం వింటున్నాం, ఆయన మీద మనకి గౌరవం ఉంది, ఇక కానివ్వండి అని. అంతే. గ్యాస్ ధర పెరిగిందన్నా ఆయ్ అంటాం, ఫలానావారు పోయారన్నా ఆయ్ అంటాం, మీ పిల్ల పరీక్ష తప్పిందన్నా ముందు ఆయ్ అనేసి ఆ తర్వాత కుర్చీలో కూలబడతాం. ఈ సంగతి తెలియని కళ్ళజోళ్ళ షాపు మేనేజరు ఒకాయన, అమలాపురంలో ఒక పూటంతా నా చేత ఆయ్ ఆయ్ అనిపించి, చివర్లో బిల్లు చేతిలో పెట్టాడు. నా తిరుగుడు అక్కణ్ణించి మొదలైంది. ఇప్పుడు తలుచుకుంటే కోపం కూడా రావడం లేదు, ఒళ్ళంతా నీరసం కమ్ముకుంటోంది.

నాకు లెన్సుల సరదా ఎప్పుడూ లేదు. అవి పెట్టుకునేది పెళ్ళికూతుళ్ళూ సినిమావాళ్ళూ అనుకునేదాన్ని. ఊహ తెలిసినప్పటినించీ నా ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలే. ఏటేటా అద్దాలు మందమయ్యేవి, చూపు పల్చనయ్యేది. అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. నలభై దాటాక బోర్డు మీద నేను రాసిందే నాకు ఒకదాని మీద ఒకటి రెండు వరసలుగా కనపడసాగింది. వీధిలో ఎదురుగా వచ్చే మనిషి చీర కట్టుకున్నారా లుంగీ కట్టుకున్నారా అన్నంతవరకే తెలిసేది. ఎండ కాస్తే అదీ లేదు.

మా వైపు మనిషి ఎదురుపడితే పలకరించకపోవడం తిట్టినదానికంటే పెద్ద తప్పు. తిడితే ఏదో కోపమొచ్చిందిలే అనుకుంటారు. పలకరించకపోతే పొగరనుకుంటారు. “టీచరుగారికి కళ్ళు నెత్తికెక్కేయండి” అని మా పాలాయన ఎవరితోనో అన్నాడట, మా ఆయన వచ్చి చెప్పి నవ్వారు. నా కళ్ళు నెత్తికెక్కడం మాట దేవుడెరుగు, ఉన్నచోటే పనిచెయ్యడం మానేశాయి. పాలాయన ఏమనుకుంటే నాకేం. కానీ మా అక్క కూడా అలాగే అనుకుంది. అదీ నా బాధ.

అక్కనీ నన్నూ ఒకే ఊళ్ళో ఇచ్చారు. మామిడికుదురు దాటాక మెయిన్ రోడ్డు దిగి లోపలికొస్తే మా వీధి. ఈ చివర మా ఇల్లు, ఆ చివర అక్క ఇల్లు. మధ్యలో మా ఆయన కొబ్బరి వ్యాపారం తాలూకు కాయల రాశి. అక్క నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలిచింది లేదు. ‘ఒసేయ్’ అనే పిలుపు ఆ చివర నించి ఈ చివరకి వినపడేది. నా పెళ్ళయి ఇన్నేళ్ళయినా, నా కూతురి ముందు కూడా ఒసేయే. మా అత్తగారికి మొదట్లో చిన్నతనంగా ఉండేది, తర్వాత ఆవిడే “మీ ఒసేయ్ వచ్చిందమ్మా” అనడం మొదలెట్టారు.

నిరుడు వానలప్పుడు బావగారు పోయారు. పొలం నించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానన్న మనిషి ఇక లేవలేదు.

అది జరిగిన కొన్నాళ్ళకి మా అమ్మాయిని కాకినాడలో కాలేజీలో చేర్చడానికి బయల్దేరాం. ఎటైనా మంచిపనికి వెళ్ళేటప్పుడు మా అత్తగారు ముందుగా గేటు దగ్గరికెళ్ళి ఎదురెవరొస్తున్నారో చూస్తారు. ఆ రోజు ఆవిడకి మోకాళ్ళు పట్టేసి నన్ను చూడమన్నారు. నేను చూసేదేముంది! ఆటో చప్పుడు ఏమైనా వినపడుతోందేమోనని వెళ్ళి నిలబడ్డాను. ఎండ తిన్నగా మొహం మీద కొడుతోంది. వీధంతా తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉంది. చెమటకి అద్దాలు జారుతుంటే తీసి పైటతో తుడిచాను. పైటా తడిసే ఉంది. పొడిగుడ్డ కోసం వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళాను, ఎలాగూ వచ్చాను కదా అని మంచినీళ్ళు కూడా తాగాను. మళ్ళీ బయటికొచ్చేసరికి గేటు కొక్కేనికి స్టీలు క్యారేజీ వేలాడుతోంది. మూత తీస్తే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, ఇంకా ఆవిర్లు పోతున్నాయి. మా అమ్మాయికి అవంటే ప్రాణమని అక్క తెల్లవారకుండా లేచి వండి తెచ్చింది. పిలవకుండా వెళ్ళిపోయిందేమిటి, ఏదో తొందరలో ఉందేమో అనుకున్నాను. నా తెలివి అంత.

శకునం బాగాలేకపోతే మావాళ్ళు ఏం చేస్తారో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతారు. మొగుడు పోయినావిడ ఎదురొస్తే మరీను. అక్క వీధిలోంచి చూసింది సరిగ్గా అదే. చెల్లెలు గేటు దగ్గర నిలబడింది, తిన్నగా తన మొహంలోకి చూసింది, మొహం తిప్పుకుని లోపలికెళ్ళింది. గుమ్మంలోంచి గ్లాసు ఎత్తడం కూడా కనపడే ఉంటుంది. అక్క కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి మరి.

క్యారేజీ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అక్క నన్ను చూసి లేచి నిలబడింది.

“రండమ్మా, కూచోండి” అంది.

వేళాకోళమనుకున్నాను. నవ్వాను కూడా.

“కాఫీ తీసుకుంటారా?” అంది. అది వేళాకోళం కాదని అప్పుడు తెలిసింది. మా గోదారోళ్ళం మనిషిని దూరం పెట్టాలంటే తిట్టం, ‘అండి’ తగిలిస్తాం. మర్యాదలో ఎక్కడా లోపం ఉండదు, తలుపు మాత్రం మూసుకుంటుంది.

గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. “నాకు కనపడలేదే అక్కా, ఒట్టు” అన్నాను.

“ఆయ్” అంది.

“ఎండ కొడుతోందే. అద్దాలు తుడుచుకోడానికి వెళ్ళేను.”

“ఆయ్. దానికేముందండి. అంతంత అద్దాలు పెట్టుకున్నారు, కనపడకపోవడమేంటి. అయినా నేనే చూసుకోకుండా వచ్చేశాను. మీ తప్పేం లేదమ్మా.”

కళ్ళజోడు పెట్టుకున్న మనిషి కనపడలేదంటే లోకం నమ్మదు. గుడ్డివాడు కర్ర పట్టుకుంటే దారిస్తారు, మనం కళ్ళజోడు పెట్టుకుంటే సాక్ష్యం చెప్పమంటారు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇక అక్కతో వాదించి లాభం లేదని తెలిసిపోయింది. నాకు కావలసింది ఒక్కటే. వీధి ఆ చివరనున్న అక్కని ఈ చివర నించి పోల్చుకుని, అది మొహం దించుకునేలోపల నేనే ముందు పిలవాలి.

అమలాపురం కళ్ళాసుపత్రిలో డాక్టరుగారు మిషన్‌లో చూసి, నల్లగుడ్డు ముందుపొర పల్చబడి కోసుగా ముందుకి వచ్చిందన్నారు. చిన్నప్పుడే మొదలై ఉంటుందట, ఎవరూ పట్టుకోలేదట. దీనికి ఎంత మందం అద్దమైనా లాభం లేదు, గట్టి లెన్సులే పెట్టుకోవాలి అని చీటీ రాశారు. ఆసుపత్రిలో లెన్సులు అమర్చే ఆవిడ వారానికోసారి కాకినాడ నించి వస్తారు, ఆ రోజు రండి అని కూడా చెప్పారు. నేను ఆయ్ అని, ఆగలేక, దారిలో కనపడ్డ పెద్ద షాపులోకి వెళ్ళాను. ఆగి ఉంటే ఈ కథ ఇంత ఉండేది కాదు.

అద్దాల తలుపు, లోపల ఏసీ, మెళ్ళో టై కట్టుకున్న మేనేజరు. మాట తీరు బట్టి మనవైపు మనిషి కాదు.

“పవర్ చాలా ఎక్కువుంది మేడం.”

“ఆయ్.”

“డాక్టర్ గట్టి లెన్సులు రాశారు కానీ అవి పాతకాలంవి మేడం. గుచ్చుకుంటాయి. ఇప్పుడందరూ మెత్తవే వాడుతున్నారు.”

“ఆయ్” అన్నాను. అంటే, మీరన్నది విన్నాను బాబూ, ఇక డాక్టరుగారు రాసింది ఇవ్వండి అని. ఆయనకి అలా వినపడలేదు.

“లెన్సులున్నా ఇంట్లోకి ఒక కళ్ళజోడు కావాలి కదా మేడం.”

“ఆయ్.”

“ఎండలోకి చలవద్దాలు.”

“ఆయ్.”

“తేనెరంగు లెన్సులైతే మీ ఫేస్‌కి చాలా బావుంటాయి మేడం.”

దీనికి నేను ఆయ్ అన్నట్టు నాకు గుర్తు లేదు. అనే ఉంటాను. అలసిపోయి ఉన్నాను, స్కూల్ నించి ఆసుపత్రికీ అక్కణ్ణించి ఇక్కడికీ వచ్చాను, ఏసీ చల్లగా ఉంది. చివరికి బిల్లు చూసి “ఇవన్నీ నేనెప్పుడు అడిగేనండీ?” అంటే, ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. “ప్రతిదానికీ ఎస్ అన్నారు కదా మేడం!” అన్నాడు. పక్కనున్న సేల్స్ అమ్మాయి మన ఊళ్ళ పిల్లే, తల దించుకుని నవ్వాపుకుంటోంది. ఆ పిల్లయినా ఒక్క మాట చెప్పకూడదా. ఉద్యోగం మరి. నలుగురి ముందు గొడవపడడం నాకు చేతకాదు, చేతకాదు కాబట్టే ఇలాంటి షాపులు నడుస్తున్నాయి. తేనెరంగు లెన్సులు అక్కడే కళ్ళల్లో పెట్టి పంపారు, మిగతావన్నీ తీసుకుని బస్సెక్కాను.

ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు. “ఇదేంటమ్మా, పిల్లి కళ్ళు!” అన్నారు. మా ఆయన నా మొహంలోకి చూసి పెరట్లోకి వెళ్ళిపోయారు, అక్కణ్ణించి నవ్వు వినపడింది. పోనీ కళ్ళెలా ఉంటేనేం, కనపడితే చాలనుకున్నాను. కనపడలేదు. మెత్త లెన్సు నా కంటి వంపుకే వంగిపోతుందట, ఇక అది సరిచేసేదేముంటుంది. ఆ సంగతి తర్వాత డాక్టరుగారు చెప్పారు. నేను మళ్ళీ షాపుకెళితే మేనేజరు “అలవాటు పడాలి మేడం, ఈ డ్రాప్స్ వేసుకోండి” అని ఒక సీసా ఇచ్చాడు. నేను ఏమన్నానో మీరు ఊహించుకోగలరు.

రెండో షాపు చిన్నది. ఇక్కడైతే మనవాళ్ళు, మాట అర్థం చేసుకుంటారు అని వెళ్ళాను. అర్థం చేసుకోవడంలో ఆయనకి మించినవారు లేరు.

“మామిడికుదురు వైపా అండీ? మా చెల్లెలి తోటికోడలి పుట్టిల్లు అటేనండి. అయితే తవఁరు మాకు వదినగారవుతారు. ముందు కాఫీ తాగండి.”

కాఫీ తాగాను. చుట్టరికం కలిపి కాఫీ ఇచ్చిన మనిషి దగ్గర బేరమాడడం ఎలా ఉంటుందో, అలా ఆడి చూసినవాళ్ళకే తెలుసు.

“లెన్సులెందుకండీ వదినగారూ! అన్నయ్యగారిది కొబ్బరి వ్యాపారమంటున్నారు, ఆ పీచు దుమ్ములో లెన్సులేంటండీ? కళ్ళజోడే మార్చుకోండి, పవర్ నేను దగ్గరుండి చూస్తాను. వదినగారి దగ్గర లాభం తీసుకుంటే నా కళ్ళు పోతాయండి.”

కళ్ళజోళ్ళ షాపాయన నోటమ్మట ఆ ఒట్టు విని నాకు నవ్వొచ్చింది. నవ్విన మనిషి లేచి వెళ్ళలేదు. ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, అందులో ఒక్కొక్క అద్దమే వేస్తూ “ఇది బావుందాండీ? పోనీ ఇది?” అని అడుగుతున్నాడు. ఏదీ బాగాలేదు. కానీ అంత ఆప్యాయంగా అడుగుతుంటే బాలేదని ఎలా అంటాం? “బానే ఉందండి” అన్నాను. అన్నిటికీ బానే ఉందండి అన్నాను. ఆ బానే ఉన్న కళ్ళజోడు పెట్టుకుని బస్సు దిగుతూ మెట్టు ఒకచోట ఉంటే కాలు ఇంకోచోట వేశాను. కండక్టరు రెక్క పట్టుకోబట్టి బతికాను.

ఈ తిరుగుడులో నెలలు గడిచాయి. అక్క వీధిలో కనపడితే, అంటే గొంతు వినపడితే, “బావున్నారా అమ్మా” అనేది. దసరాకి మా అమ్మాయి ఇంటికొచ్చి, పెద్దమ్మ పొట్టిక్కలు ఏవీ అని అడిగింది. నేను మాట మార్చాను. మా ఆయన అక్కకి నచ్చజెప్తానన్నారు, వద్దన్నాను. నచ్చజెప్తే అక్క వింటుంది. ఆయ్ అంటుంది. అదే కదా నా భయం.

చివరికి డాక్టరుగారు చెప్పిన రోజునే ఆసుపత్రికి వెళ్ళాను. లెన్సులు అమర్చే ఆవిడ నాకంటే అలసిపోయి ఉంది. పొద్దుటినించీ ఎంతమందిని చూసిందో, మేడమనీ అనలేదు, వదినగారనీ అనలేదు. “గడ్డం ఇక్కడ పెట్టండి. కిందకి చూడండి. కన్ను మూయకండి” అంది. లెన్సు కంట్లో పడగానే వడ్లు తూర్పారబట్టేచోట నిలబడితే నూగు పడ్డట్టు భగ్గుమంది. రెండు కళ్ళూ ధారలు కట్టాయి. పసుప్పచ్చటి రంగేదో తడిపి, నీలం లైటు వేసి చాలాసేపు చూసింది.

“ఎలా ఉంది?”

“ఫర్వాలేదండి.”

“గోడ మీది అక్షరాలు చదవండి.”

చదివాను. గడగడా చదివాను. ఇన్నేళ్ళుగా ఇలాంటి బోర్డుల ముందు కూచున్నదాన్ని, ఆ అక్షరాలు నాకు ఎక్కాల్లా కంఠతా వచ్చు.

“సరే, ఇదే తెప్పించెయ్యనా?” అంది, పెన్ను తీస్తూ.

ఆయ్ అనడానికి నోరు తెరిచాను. సగం అనేశాను కూడా. అప్పుడు నా గొంతు నాకే అక్క గొంతులా వినపడింది. అదే మర్యాద, అదే మెత్తదనం. అక్క నా మాట విని, నమ్మకుండా, గొడవెందుకని ఆయ్ అంది. నేను కన్ను మండిపోతుంటే, ఏమీ కనపడకుండా, గొడవెందుకని ఆయ్ అనబోతున్నాను. ఇద్దరం ఒక తల్లి బిడ్డలమే. మా అమ్మ కూడా అంతే, ఒంట్లో ఎలా ఉందమ్మా అని ఎవరడిగినా పోయేదాకా బానే ఉందనే చెప్పింది.

“లేదండి” అన్నాను. “బాలేదు.”

ఆవిడ తలెత్తి చూసింది. “ఏం బాలేదు?”

“గుచ్చుకుంటోందండి. అక్షరాలు నేను చదవలేదు, గుర్తున్నవి అప్పజెప్పేను. ఆ పక్కన కేలండరు మీద ఏముందో నాకు తెలీడం లేదు.”

“ముందే చెప్పొచ్చు కదండీ” అంది విసుగ్గా. అంతే. లెన్సు తీసి, ఇంకో డబ్బా తెరిచింది. మళ్ళీ మంట, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నీలం లైటు. బాలేదన్నాను. ఇంకోటి. బాలేదు. విస్తట్లో వడ్డించిన కూర బాగాలేదని వడ్డించినావిడ మొహం మీదే చెప్తున్నట్టుంది నాకు, చెప్పినప్పుడల్లా చెవులు వేడెక్కాయి. ఆవిడ భోజనం వేళ దాటిపోయింది. అయినా బాలేదనే అన్నాను. ఒకసారి మొదలెట్టాక ఆ మాట అంత కష్టమేం కాదు, ఇన్నేళ్ళూ ఎందుకు మోశానో నాకే తెలీదు.

తర్వాత ఒక లెన్సు పెట్టినప్పుడు, తెరిచిన తలుపులోంచి నడవాలో బెంచీ మీద కూచున్న ఒకావిడ ఆవలించడం కనపడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, కళ్ళు తుడుచుకోవడం, పక్కనున్న సంచీ కాళ్ళ మధ్యకి లాక్కోవడం, అన్నీ కనపడ్డాయి. ఆవిడెవరో నాకు తెలీదు. అయినా ఆవిడనే చూస్తూ కూచున్నాను.

“ఇది బావుందండి.”

“నిజంగానా?”

“నిజంగానే.”

లెన్సులు వచ్చాక కూడా సుఖం లేదు. పెట్టుకోవడం నేర్చుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. వేలి చివర లెన్సు కన్ను దాకా వెళుతుంది, కన్ను మూసుకుంటుంది, లెన్సు జారి ఎక్కడో పడుతుంది. ఇక మా ఆయనా నేనూ నేలమీద మోకాళ్ళ మీద పాకుతూ వెతుకులాట. “కదలకు, కాలికింద పడుతుంది” అని ఆయన, “మీరే కదలకండి” అని నేను, “ఏం పోయిందర్రా” అని అత్తగారు. పీచు దుమ్ము గురించి రెండో షాపాయన చెప్పింది మాత్రం నిజమే. ఒక నలక లెన్సు కింద దూరిందంటే పరలోకం కనపడుతుంది. రాశి దగ్గర కాయలు ఒలుస్తున్న రోజు నేను ఆ పక్కకి పోను.

మొదటిసారి లెన్సులతో స్కూలుకి బయల్దేరిన పొద్దుట, లోకం అందంగా కనపడిందని రాస్తే బావుంటుంది కానీ అబద్ధం. మా ప్రహరీగోడ పాకుడు కనపడింది. అత్తగారి మొహం మీద ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయో, అవి కనపడ్డాయి. సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరకొచ్చి వీధిలోకి చూశాను.

ఎదురింటివాళ్ళు కొత్త మోటార్ సైకిల్‌కి పసుపూ కుంకం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, బయల్దేరదీస్తున్నారు. ఆ చివర నించి అక్క వస్తోంది. చేతిలో పాల క్యాను. ఈసారి చీర ఒక్కటే కాదు, మనిషే కనపడింది. జుట్టు బాగా నెరిసింది, నేను గమనించనేలేదు. పిలుద్దామని నోరు తెరిచేలోపల అక్క ఆ కొత్త బండిని చూసింది. ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు, అసలు ఎవరూ అక్కని చూడను కూడా లేదు. గిరుక్కున పక్కకి తిరిగి కొబ్బరికాయల రాశి వెనక్కి వెళ్ళి, గోడవైపు మొహం పెట్టి నిలబడింది. ఇది కొత్త పనిలా లేదు. రోజూ చేసే పనిలా ఉంది.

బండి వెళ్ళిపోయాక రాశి వెనకనించి బయటికొచ్చింది. రెండడుగులు వేసి, భుజాన సంచీతో గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. చూసి, మళ్ళీ అదే చోటికి, అదే గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడాదిగా నేను రోజూ ఇదే గేటు తీసుకుని, ఇదే వేళకి బస్సుకి వెళ్తున్నాను. ఎన్ని పొద్దుటిపూటలు అక్క అక్కడ, ఆ పీచు దుమ్ములో, నేను దాటిపోయేదాకా నిలబడిందో. కనపడలేదే అక్కా అని ఒట్టేసి చెప్పాను కదా. అది ఎంత నిజమో నాకు అప్పటిదాకా తెలీదు.

“అక్కా!” అని అరిచాను. వీధిలో అందరూ తిరిగి చూశారు.

రాశి వెనకనించి గొంతు మాత్రం వచ్చింది. “మీరు వెళ్ళి రండమ్మా. నేను తర్వాత వస్తాను.”

“నేను బయల్దేరుతున్నానే. ఎదురు రా.”

రాశి వెనక పాల క్యాను గోడకి తగిలి ఖంగుమంది.

“నువ్వు ఎదురొస్తేగానీ కదల్ను. ఇక్కడే నిలబడతాను.”

“బస్సు పోతుందండి.”

“పోనీ.”

మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. నేను గేటు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఎదురింటావిడ పళ్ళెంలో హారతి ఆరిపోతున్నా చూడకుండా మావైపే చూస్తోంది. చూడనీ. కాసేపటికి అక్క బయటికొచ్చింది. చీరకి అంటిన పీచు దులుపుకుంటూ, తల దించుకుని, వీధి మధ్యనించి నాకెదురుగా నడిచి వచ్చింది. సగం దూరం వచ్చేసరికే దాని కింది పెదవి వణకడం కనపడింది నాకు. దగ్గరికొచ్చాక నా మొహంలోకి చూసి, “ఏడుస్తున్నారా?” అంది.

“లెన్సులు కొత్తవి. నీళ్ళు కారతాయి.”

“ఆయ్” అంది. ఈసారీ అది నమ్మని ఆయే, కానీ అందులో మా అక్క ఉంది. తర్వాత ఇంకా దగ్గరికొచ్చి, నా ముక్కు మీద ఏళ్ళ తరబడి కళ్ళజోడు ఒత్తిన మచ్చని వేలితో తడిమింది.

“ఒసేయ్, కళ్ళజోడేదే? అంత దూరం నించి నన్నెలా పోల్చేవే?”